అరవై రెండు ఫిడేలు పాటలు

ఆ ఉదయం లాకీ చేతిలో ఉన్న సరుకు ఇది: రెండు పాత లినక్స్ కంప్యూటర్లు, వాటిని కలిపే ఒక తీగ, చిన్నాన్న డూగల్డ్ వాయించిన అరవై రెండు ఫిడేలు పాటలు. పాటలు వంటింటి కంప్యూటర్లో ఉన్నాయి. దాని డిస్కు నిన్నటి నుంచి టిక్కుటిక్కుమంటోంది. చిన్నాన్న పోయాడు. ఆయన క్యాసెట్లు బూజు పట్టి చెత్తలోకి వెళ్లాయి. ఇక ఆ పాటలు వాళ్ల కేప్ బ్రెటన్ దీవిలోనే కాదు, లోకం మొత్తంలో ఆ ఒక్క డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు.

ముందుగదిలో లాకీ దుకాణం. వాడిన పొయ్యిలు, పడవ ఇంజన్లు అమ్ముతాడు. పాటల్ని అక్కడి కంప్యూటర్లోకి తెచ్చుకోబోతే పదిసార్లూ ఒకటే జవాబు: కుదరదు. ఆదివారం వచ్చి రెండింటినీ కలిపి వెళ్లిన మరదలు మోరాగ్‌కు ఫోన్ కొట్టాడు.

"నా ఇంట్లో నాకే తాళం వేసి పోయావేంటి?"

"పొద్దున్నే అరవకు బావా. తీగ ఊడిందేమో చూడు."

"ఊడలేదు."

"వంటింటి కంప్యూటర్ పలుకుతోందా?"

"పలుకుతోంది. పాటల పేర్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి కూడా. అద్దాల బీరువాలో మిఠాయిలు చూస్తున్నట్టుంది నా బతుకు."

"తియ్యబోతే ఏమంటోంది?"

"చదవడానికి మాత్రమే, మార్చడానికి కాదు అంటోంది. అమ్మకానికి కాదు అన్నట్టు! డిస్కు ఆగిపోయేలా ఉంది మోరాగ్. ఆ తాళం తీసే మంత్రమేదో చెప్పు, నేను టైపు కొట్టుకుంటాను."

మోరాగ్ చెప్పడం మొదలుపెట్టింది. లాకీ ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. సగంలో ఆమె ఆగింది.

"బావా, ఉండు. తెచ్చుకోవడానికి చదవనిస్తే చాలు కదా. తాళం అడ్డేలా వచ్చింది? ఇందాక నువ్వు కొట్టిన ఆజ్ఞ ఉన్నదున్నట్టు చదువు."

లాకీ కళ్లజోడు సర్దుకుని చదివాడు. ఇంటర్నెట్లో ఎవరో రాసిపెట్టింది చూసి కొట్టాడట. రెండు చోట్లా సరుకు అచ్చంగా ఒకేలా ఉండేటట్టు చేస్తుందట.

అవతల మోరాగ్ చటుక్కున లేచిన చప్పుడైంది.

"మోరాగ్?"

"మీటల మీంచి చెయ్యి తియ్యి. రెండు చేతులూ తియ్యి."

తీశాడు.

"దుకాణం పేరు ముందు రాశావేంటి?"

"సరుకు చేరాల్సిన చోటు ముందు, వచ్చే చోటు తర్వాత. నా చీటీలన్నీ అంతే. ముప్పై ఏళ్ల నుంచీ."

"దీనికి తిరగేసి రాయాలి బావా! ఎక్కణ్ణుంచి అనేది ముందు. నీ దుకాణంలోది ఖాళీ సంచి. వంటింట్లో సరుకంతా తుడిచేసి దాన్ని కూడా ఖాళీ చెయ్యమని అడిగావు నువ్వు. పదిసార్లు అడిగావు!"

ఆ తాళం తీసి పదకొండోసారి కొట్టి ఉంటే? లాకీ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

మోరాగ్ చెప్పినట్టు పేర్లు అటుదిటు మార్చి కొట్టాడు. పాటలు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. లెక్కపెట్టాడు. అరవై రెండు. ఒకటి నొక్కితే చిన్నాన్న కాలు నేలకేసి తాళం కొడుతూ ఫిడేలు ఎత్తుకున్నాడు. లాకీ కళ్లు తుడుచుకున్నాడు.

"మోరాగ్, నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ. ఆ తాళం వేసి మా చిన్నాన్నని బతికించావు. ఈసారి వచ్చినప్పుడు దుకాణంలో నీకు నచ్చిన పొయ్యి పట్టుకుపో."

"పొయ్యి ఊరికే ఎందుకు వదులుకుంటాను? కానీ అబద్ధం చెప్పలేను బావా. నేను తాళం వెయ్యలేదు. అన్నీ బార్లా తెరిచే వచ్చాను."

లాకీ ఫోన్ పట్టుకునే వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. భార్య ఎఫీ చేతులనిండా తడిపిండితో ఓట్స్ పిండి రొట్టెలు ఒత్తుతోంది.

"ఎఫీ, ఈ కంప్యూటర్‌కు తాళం ఎవరు వేశారో నీకేమైనా తెలుసా?"

ఎఫీ తల ఎత్తలేదు.

"సోమవారమే వేశాను. లైబ్రరీలో కంప్యూటర్ క్లాసుకు పోతున్నది ఊసుపోకనా? ముప్పై ఏళ్లుగా నీ చీటీలు తిరగేసి చదువుకుని, సరుకు ఎవరిది వాళ్లకు చేరుస్తున్నది నేనే కదా!"