చివరి రెండు యాంటెన్నాలు

"ఈ ఫ్రేమ్ వెల్డింగ్ చేసినవాడు ఎదురుగా ఉంటేనా, కడిగిపారేద్దును!"

ఇంజనీరు శ్రీసుధకి కోపమొస్తే మేడంతా వినబడాల్సిందే.

నరసాపురం రేవు పక్కన ఆ మేడ మీద ఇనప ఫ్రేమ్‌కి ఆమె ఎనిమిది యాంటెన్నాలు వరసగా బిగించింది. ఎనిమిదీ ఒక్క గొంతుతో పలికితే తుఫాను హెచ్చరిక సముద్రంలో పడవల దాకా వెళ్తుంది. చేపల వేట నిషేధం ఇవాళ్టితో సరి. తెల్లారితే పడవలన్నీ బయల్దేరతాయి.

తీరా చూస్తే చివరి రెండూ అంగుళం చొప్పున లోపలికి జరిగి ఉన్నాయి. సముద్రం వైపే సిగ్నల్ అందడం లేదు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఓ నడివయసు మనిషి ఆ ఫ్రేమ్ వంకే చూస్తున్నాడు. రేవులో మనిషనుకుందామె.

"కోసి మళ్లీ అతికిస్తే కుదరదాండి?" అన్నాడు మెల్లిగా.

"అంత టైమెక్కడుందండీ? ఇవతల మనుషుల ప్రాణాలు!"

ఆయన తల దించుకున్నాడు.

ఆమె కాస్త తగ్గింది. "వంకర అలాగే ఉండనివ్వండి. ఏది ఎప్పుడు పలకాలో కంప్యూటర్లో లెక్క మార్చేస్తాను. కానీ సిగ్నల్ ఎక్కడెంత అందుతోందో గోదాట్లో సముద్రం దాకా తిరిగి చూసి చెప్పే మనిషి కావాలి."

"నేను వెళ్తానండి."

రిసీవర్ పట్టుకుని పడవెక్కాడు.

ఎండ మాడ్చేస్తోంది. ఫోన్లో ఆయన గొంతు మాత్రం ఆగలేదు.

"ఇక్కడ ఒక్క గీతేనండి."

ఆమె లెక్క మార్చింది.

"ఇప్పుడు రెండండి."

"భోంచేసి వెళ్దురు గాని, రండి."

"ఇది తేలాక తింటానండి."

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

"నిండా వచ్చేసిందండీ! ఉండండి, ఇంకో చుట్టు తిరిగి చూసొస్తాను."

ఆ సంతోషానికి శ్రీసుధ కళ్లు చెమర్చాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, ఇంత తాపత్రయమా!

ఆమె పరుగున రేవుకి దిగేసరికి రిసీవర్ పడవవాడి చేతిలో ఉంది.

"ఆయనేరీ?"

"పాలకొల్లు బస్సెక్కేశారండి."

పాలకొల్లు అనగానే ఫ్రేమ్ సంగతి గుర్తొచ్చింది. చేసింది అక్కడి తాతాజీగారే. ఆఫీసు ద్వారా ఆర్డరివ్వడమే గాని ఆయన్నెప్పుడూ చూడలేదు, మాట్లాడలేదు. పొద్దుటి కోపం ఇప్పుడు లేదు. ఇంక కంగారు లేదని చెబుదామని బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. ఆయన భార్య తీసింది.

"ఆయన ఇంట్లో లేరండి. అలవాటుకొద్దీ గేటు ఊచల్లాగే చివరివి లోపలికి పెట్టేశానని తెల్లారుతూనే గుర్తొచ్చిందటండి. తిడితే తిట్లు తిని, సరిచేసొస్తానని పొద్దున్నే మీ మేడ దగ్గరికే వచ్చారు... కనబడలేదాండి?"