ఒంటికాలి బూటు

“ఒక్కసారైనా పిల్ల వైపు చూడవేమయ్యా?” కెజియా విసుక్కుంది.

చిత్రకారుడు చెక్క పలక మీంచి తలెత్తలేదు. ఎదురుగా పీట మీద నిలబెట్టిన ఆమె కూతురు రూతు ఆవలించింది.

పోయిన బిడ్డ బొమ్మ వేయించాలంటే తోబుట్టువును నిలబెట్టి పోలికలు పట్టించడం ఆ వెర్మాంట్ కొండ ఊళ్ళలో మామూలే. రూతు అన్న లెవై మిల్లు చెరువులో మంచు విరిగి మునిగిపోయి రెండేళ్ళయింది. ఈమధ్య కెజియాకు వాడి గొంతు గుర్తొస్తోంది గానీ, ముఖం రావడం లేదు. అందుకే, రాత్రికి తిండీ పడకా ఇస్తే చాలన్న ఈ ఊరూరా తిరిగేవాణ్ణి లోపలికి రానిచ్చింది.

అతని కుడిచేతికి మూడే వేళ్ళు.

“ఆ చేత్తో కంచెకు మేకులు కొట్టడమే కష్టం. బొమ్మలేం వేస్తావు?”

“మేకులూ కొట్టి చూశాను తల్లీ. వంకరపోయాయి.”

కెజియాకు నవ్వే ఓపిక లేదు.

“పోయిన పిల్లలకు గీసినట్టు ఒక కాలి బూటు తీసేసి గీయకు. నా కొడుకు బతికున్నట్టే ఉండాలి.”

అతను కుంచె రంగులో ముంచాడు.

సాయంత్రానికి పలక ఆమె వైపు తిప్పాడు.

లెవై. అదే నొసలు. పైపెదవి మీద అదే నొక్కు.

కెజియా బల్ల అంచు పట్టుకుంది. తర్వాత చూపు కిందికి దిగింది. కుడి పాదం బోసిగా ఉంది. ఎడమ బూటుకు తాడు బదులు ఎర్ర ఉన్ని పోగు.

“వద్దన్నదే గీశావు. పైగా ఉన్ని పోగొకటా? బిడ్డ బూటుకు తాడు కొనలేనివాళ్ళమా మేం?”

“చూసిందే గీయగలనమ్మా. లేనిది గీయడం నాకు రాదు.”

“నువ్వు చూసిందేమిటి? లే. బయటికి నడు.”

పొయ్యి మీద ఉడుకుతున్న చిక్కుడు గింజల కుండ వైపు ఒకసారి చూసి, కుంచెలు సర్దుకుని అతను మంచువానలోకి వెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక అడవిలో కట్టెలు కొట్టి ఆమె భర్త అసాహెల్ ఇంటికొచ్చాడు. బొమ్మ చూసి, టోపీ తీయకుండానే కూలబడ్డాడు.

“ఆ ఎర్ర పోగు సంగతి అతనికెవరు చెప్పారు?”

“ఎవరు చెబుతారు? కల్పించాడు.”

“కాదు. ఆ పొద్దున తాడు తెగితే నేనే కట్టాను. వాణ్ణి పైకి తెచ్చేసరికి కాలికి ఆ ఒక్క బూటే ఉంది. విప్పి కొట్టంలో దాచాను.”

“రెండూ నీళ్ళలో పోయాయన్నావు.”

“ఒక్కటి చూస్తే, రెండోదాని కోసం ఆ చెరువు గట్టు వదిలేదానివి కాదు కెజియా.” అతని గొంతు తగ్గింది. “అది చూసింది ఇద్దరమే. నేనూ, వాణ్ణి తన కోటులో చుట్టి నా చేతికిచ్చినాయనా. ఆ రోజే ఆయన కుడిచేతి వేళ్ళు రెండు చలికి కొయ్యబారాయి. ఇతని కుడిచెయ్యి చూశావా?”

కెజియా తలుపు తీసింది. బాట మీద అడుగుల గుర్తులు కూడా మిగల్లేదు.

లెవై కోసం గడ్డకట్టే నీళ్ళలోకి దూకి, ఆ చలికి రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషిని, పేరైనా తెలియక రెండేళ్ళుగా ప్రతి ప్రార్థనలో ‘ఆ బాటసారి’ అని తలుచుకుంటున్న మనిషిని, ఆమె ఆకలితో గెంటేసింది.