గట్టి గడియ

"ఐదేళ్ల గ్యారంటీ అన్నారు. ఏడాది తిరక్కుండానే ఊడిపోయింది. ఇది గడియా, గడియకోసారి ఊడే పాలపన్నా?"

లెక్కల మాస్టారు విరిగిన గడియను కౌంటర్ మీద టప్పున పెట్టాడు. హార్డ్‌వేర్ షాపాయన గడియను చూడలేదు. దాని పక్కన పరిచిన కాగితాన్ని చూశాడు. వినియోగదారుల ఫోరానికి రాసిన ఫిర్యాదు. సంతకం ఇంకా పడలేదు గానీ, మాస్టారి పెన్నుకు మూత మాత్రం లేదు.

షాపాయన గుండె గడియారంలో పెద్దముల్లు ఆగింది. నిరుడు పెచ్చులూడిన రంగుల కేసులో ఓడినప్పుడే సగం గిరాకీ గోడ దూకింది. ఇంకో కేసు పడితే కంపెనీ డీలర్‌షిప్ లాగేసుకుంటుంది. అప్పుడు గడియలమ్మే షాపుకే శాశ్వతంగా గడియ పడుతుంది.

"మాస్టారూ, వారంటీ అంటే వారం రోజులు టీలిచ్చి తిప్పించుకోవడం అనుకునే రకం కాదండీ నేను. ముందు ఒక టీ తాగండి."

"టీ వద్దు. న్యాయం కావాలి."

"అందులో చక్కెర వెయ్యమంటారా?" అని తన జోకుకు తానే నవ్వి, మాస్టారు నవ్వకపోవడంతో నవ్వు మింగేసి, గడియను చేతిలోకి తీసుకున్నాడు.

కడ్డీ విల్లులా వంగింది. స్క్రూలు ఇంత చెక్కను కరుచుకుని మరీ ఊడొచ్చాయి. షాపాయన ఇనుము మధ్యనే జుట్టు నెరిసినవాడు. పోయిన సరుకును చూస్తే అది పోయిన దారి చెప్పగలడు.

"ఇది అరిగి పోలేదండీ. గుంజగా గుంజగా పోయింది. గడియ తియ్యడం మర్చిపోయి తలుపు లాగితే ఇలాగే అవుతుంది. ఏ తలుపుదండీ?"

"మా ఆవిడ గదిది."

"చెల్లెమ్మకి మతిమరుపా?"

మాస్టారు పెన్ను మూత కోసం జేబు తడుముకున్నాడు. "మతిమరుపే. గడియ పడి ఉందన్న సంగతే మర్చిపోతుంటుంది."

"ఇంకేం మరి!" షాపాయన ముఖం బల్బులా వెలిగింది. "వాడకంలో తప్పు. గ్యారంటీ వర్తించదు."

"అయ్యా, గొడుగు చిరిగిందని వస్తే వానలోకి ఎందుకెళ్లావంటారా? గుంజినా ఆగాలనే కదా గడియ పెట్టించుకునేది! ఆగలేదంటే తప్పు గుంజినవాళ్లది కాదు, అమ్మినవాళ్లది."

"భలే చెప్పారు మాస్టారూ!" అన్నాడు పక్కన మేకులు ఏరుకుంటున్న వడ్రంగి.

బల్బు ఆరిపోయింది. మాస్టారంటే పేటంతటికీ గురి. ఆదివారం ఆదివారం లైబ్రరీ హాల్లో కొనేవాళ్ల హక్కుల గురించి ఉచితంగా పాఠాలు చెప్తాడు. ఆయన సంతకం పెడితే కోర్టు దాకా పోనక్కర్లేదు, పేటే తీర్పు చెప్పేస్తుంది.

"నేను పొద్దున బడికెళ్తే సాయంత్రం దాకా ఆవిడ ఒక్కతే ఉంటుంది" అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. "రోజులు బాగాలేవు. ఆ గడియ గట్టిగా పడితే గానీ నాకు పాఠం మీద మనసు నిలవదండీ."

ఆ మాటకు షాపాయన మెత్తబడ్డాడు. పెళ్లాం గురించి ఇంత బెంగపడేవాడితో పేచీ ఏమిటి? నిచ్చెనెక్కి, పై అరలోంచి గోదాములకు వేసే ఉక్కు గడియ దింపాడు.

"ఏనుగు గుంజినా తొండం ఊడాలే గానీ ఇది ఊడదు. డబ్బులొద్దు. నేనే వచ్చి బిగించి పెడతా."

"వద్దొద్దు. నేనే బిగించుకుంటా. కొత్తవాళ్లొస్తే ఆవిడకి పడదు" అన్నాడు మాస్టారు గబగబా. "రేపు సాయంత్రం ఇంటికి రండి. గడియ నిలబడిందా, ఈ కాగితం మీ ముందే చింపేస్తా."

మర్నాడు షాపాయన వెళ్లేసరికి మాస్టారి హాలు అద్దంలా ఉంది. ఫ్యానుకూ టీవీకూ కుర్చీలకూ గ్యారంటీ చీటీలు వేలాడుతున్నాయి. చీటీ లేనిది ఆ ఇంట్లో మాస్టారొక్కడే. లోపలి నడవాకు అడ్డంగా పూల తెర దింపి ఉంది. టీ మాస్టారే కాచి తెచ్చాడు.

"చెల్లెమ్మ లేదా?"

"గదిలో ఉంది."

అంతలో తెర వెనక తలుపు దడదడలాడింది. ఆగింది. మళ్లీ దడదడలాడింది.

"చూశారా, మళ్లీ మర్చిపోయింది" అని మాస్టారు నవ్వాడు. "రాత్రి నుంచీ ఇదే వరస. అయినా చెక్కు చెదరలేదు. సరుకంటే అదండీ!"

షాపాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తెర వైపు తిరిగి గొంతెత్తాడు.

"అమ్మా చెల్లెమ్మా! ఇక మీరెంత గుంజినా ఊడదు. నాదీ పూచీ!"

చప్పుడు ఆగిపోయింది.

"ఎవరూ?" అంది లోపలి నుంచి సన్నటి గొంతు.

"గడియ ఇచ్చినాయన" అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత లోపలి నుంచి మాట లేదు, చప్పుడు లేదు.

మాస్టారు ఫిర్యాదు కాగితాన్ని అన్నమాట ప్రకారం నిలువునా చింపి, అడ్డంగా చింపి, చెత్తబుట్టలో వేశాడు. షాపాయన గుండెల మీంచి తాళంకప్ప దిగింది. షాపు నిలబడింది. దండం పెట్టి లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "మీ ఇంటి గడియ నా పాలిట శుభ గడియ మాస్టారూ!" అన్నాడు.

వీధి తలుపు తెరవగానే గాలి విసురుగా వచ్చి పూల తెరను పైకెత్తింది. నడవా చివర మూసిన తలుపు. దాని మీద తను ఇచ్చిన ఉక్కు గడియ తళతళా మెరుస్తూ కనిపించింది. ఎంత తిన్నగా బిగించాడో అని ముందు ముచ్చటపడ్డాడు. అంతలో పెదాల మీది నవ్వు అక్కడే బిగుసుకుపోయింది.

గడియ తలుపుకు బయటివైపు ఉంది.