రెండో తెల్ల మెట్టు

గోడ అవతల ఠక్కుమని చప్పుడైంది.

హార్మోనియం మీద మనోరమ వేలు ఆగిపోయింది.

"విన్నవా? ఆపు బిడ్డా," అన్నాడు తండ్రి రామ్‌కిషన్, దేవుడి దీపంలో నూనె పోస్తూ. "పక్కింటి ముసలాయనకు తకలీఫ్ అయితున్నట్టుంది."

ఆ హార్మోనియం భజన మండలిది. ప్రతి గురువారం భజన రామ్‌కిషన్ ఇంట్లోనే కాబట్టి పెట్టె కూడా అక్కడే ఉండేది. పదో తరగతి చదివే మనోరమ ఈ మధ్యే దాని మీద చేయి వేయడం మొదలుపెట్టింది. మండలి పాడే బాణీ ఒకటి పట్టుకుని రోజూ సాయంత్రం అదే వాయించేది.

గోడ అవతలి గదిలోకి కొత్తగా దిగినవాళ్లు ఇద్దరే. బీదర్ దిక్కు నుంచి వచ్చిన సంగమ్మ, ఆమె తండ్రి రేవణసిద్ధప్ప. ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. మాట పోయింది. మంచం దిగడు. సంగమ్మ బస్టాండు దగ్గర పూలమ్ముకుని చీకటి పడ్డాకే ఇంటికొస్తుంది.

"ఒక్కసారి, నాయినా. మెల్లగ," అంది మనోరమ.

కింది మెట్టు నుంచి పైకి వెళ్లింది. రెండో తెల్ల మెట్టు నొక్కగానే మళ్లీ ఠక్.

పై నుంచి కిందికి వచ్చింది. అదే మెట్టు నొక్కింది. చప్పుడు లేదు.

"నాయినా! ఎక్కేటప్పుడు కొడ్తడు, దిగేటప్పుడు కొట్టడు. ఎందుకు?"

"కోపానికి ఎక్కుడు దిగుడు ఉంటదా, పిచ్చిపిల్లా!"

మరునాడూ అంతే. ముసలాయనను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఎక్కేటప్పుడు ఆ మెట్టు దాటేసింది. గోడ ఊరుకుంది. కాని ఆరో తెల్ల మెట్టు దగ్గర మళ్లీ ఠక్.

దాన్నీ వదిలేసింది.

చిత్రంగా, ఆ బాణీ ఒంటి మీది మట్టి కడుక్కున్నట్టు తేటపడింది.

గురువారం భజనకు వచ్చిన మల్లప్పను పట్టుకుంది. మండలిలో హార్మోనియం వాయించేది ఆయనే.

"కాకా, పైకి పోయేటప్పుడు ఈ రెండు మెట్లు వదిలేస్తే పాట తియ్యగైతున్నది. ఎందుకు?"

"అవి పాతపడ్డయి. కీచుమంటయి. గందుకే."

"మరి దిగేటప్పుడు కీచుమనవా?"

మల్లప్ప ఆమె తండ్రి వైపు చూశాడు. "రామ్‌కిషన్, నీ బిడ్డను వకీలును చేయి. రాగం గీగం నాకు తెల్వదమ్మా. నా ఏలు పోయిన తొవ్వనే నా రాగం."

అందరూ నవ్వారు. మనోరమ నవ్వలేదు. మల్లప్ప వేళ్లనే చూస్తూ కూర్చుంది.

మరో వారానికి సంగమ్మ నల్లా దగ్గర కలిసింది.

"అప్పకు పానం బాగలేదన్నా. నిద్రనే పడ్తలేదు," అంది తండ్రి గురించి రామ్‌కిషన్‌తో.

అతను ఇంటికొచ్చి హార్మోనియం మూసేశాడు.

"రోగి ఉసురు పోసుకుంట పాడితే దేవుడు వింటడా బిడ్డా? ఇగ ముట్టకు."

 పెట్టె లేకపోతేనేం, మనోరమకు రేడియో ఉంది. గుల్బర్గా స్టేషన్‌లో ఎవరో పాడుతుంటే ఒళ్లో పలక మీద మెట్లు ఉన్నట్టు వేళ్లు కదిపింది. ఆ గొంతు కూడా పైకి వెళ్లేటప్పుడు ఆ రెండింటినీ దాటేసింది! పాటయ్యాక రాగం పేరు భీంపలాసి అన్నారు.

"నాయినా, దీనికి పేరు గూడ ఉంది!"

అదే సమయానికి గోడ మీద ఠక్.

"చూసినవా? రేడియోకు గూడ కోపమే," అని దాన్నీ కట్టేశాడు తండ్రి.

మరునాడు సాయంత్రం రేడియో లేదు, పెట్టె లేదు. అయినా ఠక్.

ఆ మరునాడూ ఠక్.

రామ్‌కిషన్ దీపం ముందు కూర్చున్నాడు కాని జపం సాగలేదు. మూసిన పెట్టె మీద ఎవరికైనా కోపం ఎందుకుంటుంది? దేవుణ్ణే అడిగినట్టు కాసేపు పటం వైపు చూశాడు. లేచి వెళ్లి పెట్టె తెరిచాడు.

"జర వాయించు బిడ్డా. ఏమైతదో చూద్దాం."

మనోరమ పెట్టె ముందు కూర్చుంది. ఎక్కేటప్పుడు ఆ రెండు మెట్లూ వదిలేసింది. దిగేటప్పుడు అన్నీ పలికించింది.

గోడ ఉలకలేదు.

చివరిదాకా వాయించింది. చప్పుడే లేదు.

"నిద్ర పట్టినట్టుంది పాపం," అన్నాడు రామ్‌కిషన్ గొంతు తగ్గించి.

తెల్లారేసరికి పక్క గదిలో ఏడుపు వినిపించింది. రేవణసిద్ధప్ప ఇక లేడు.

మనోరమ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆఖరి సాయంత్రం కూడా ఆయనను నిమ్మళంగా ఉండనివ్వలేదన్న మాటే లోపల తిరుగుతోంది.

దినాలయ్యాక సంగమ్మ గది ఖాళీ చేస్తూ చెప్పిపోదామని వచ్చింది. రామ్‌కిషన్ చేతులు జోడించాడు.

"తప్పయింది సంగమ్మా. మీ నాయినను నిద్ర పోనియ్యలేదు మేం."

సంగమ్మ తెల్లబోయింది. "ఎవరన్నరన్నా గట్ల? నొప్పికి నిద్ర లేకుండె ఆయనకు. మంచం కిటికీ కాడ ఉంటే, ఈ గోడకు జరుపమని అప్పనే సైగ చేసిండు. ఎందుకో నాకు సమజ్ కాలే. ఆఖరి దినం పూలు రాలేదు, ఇంట్లనే ఉన్న. అప్పుడు చూసిన."

"ఏం చూసినవక్కా?" అంది మనోరమ.

"గోడ దిక్కు కర్ర ఎత్తి పట్టుకుని కూసున్నడు. నువ్వు వాయించినంతసేపు దించలే, కొట్టలే. అయినంక కర్ర పక్కన పెట్టి నవ్విండు. ఎన్నాళ్లకో హాయిగ పండుకున్నడు."

రామ్‌కిషన్ జోడించిన చేతులు దించాడు.

మనోరమకు కన్నీళ్లు ఆగలేదు. కాని గుండె మీది బండ దిగిపోయింది.

"అయితే తాతకు నా మీద కోపం లేకుండెనా?"

సంగమ్మ ఆ పిల్ల తల నిమిరింది.

"కోపమా చెల్లె? బతుకంతా పిల్లలకు సంగీతం చెప్పిండు మా అప్ప. గొంతు పోయినంక ఆయనకు దొరికిన ఒక్క శిష్యురాలివి నువ్వే."