అయిదో కంప్యూటరు

"అమ్మా, మనింట్లో కంప్యూటర్లు నాలుగే కదా?"

"నాలుగే. ఏం?"

"ఇక్కడ అయిదున్నాయి."

పెద్దకూతురు తెరను తల్లివైపు తిప్పింది. యాంటీవైరస్ కాపలా కాస్తున్న కంప్యూటర్ల జాబితా అది. అమ్మది, పెద్దదానిది, చిన్నదానిది, నాయనమ్మ పేకాట ఆడుకునేది. వాటన్నిటికంటే పైన 'ముసలిగుర్రం' అని ఇంకొకటి.

తల్లి చేస్తున్న పని వదిలేసి తెర దగ్గరికొచ్చింది. ఆవిడ ఇంట్లో కూర్చుని మూడు బడులకి పరీక్షపత్రాలు టైపు చేస్తుంది. ఒక్క ప్రశ్న బయటికి పొక్కిందంటే ఇల్లు గడిచే దారి మూసుకుపోయినట్టే. పేపరు టైపు చేసేటప్పుడు కిటికీ రెక్కలు కూడా వేసుకునే మనిషి, ఎదురుగా ఉన్నది ఉత్త గోడే అయినా.

"ఎవరే ఈ ముసలిగుర్రం?"

"డాక్టరుగారిదే అయ్యుంటుంది."

డాక్టరంటే కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన. మిషనుకి చెవి ఆనించి వింటాడని వీధిలో ఆ పేరు పెట్టారు. ఆరేళ్ల క్రితం ఆవిడ, "నా కంప్యూటరు ఒక్కదానికే వేయండి, మిగతావాటికి ఇప్పుడు నావల్ల కాదు" అంటే, "ఒక తలుపుకి తాళం వేసి మూడు తెరిచిపెడితే ఏం లాభమమ్మా? ఆఫరుంది. ఒకదాని డబ్బుకే నాలుగింటికీ వస్తుంది" అన్నది ఆయనే. అప్పట్నుంచీ ఏటా ఒకదాని డబ్బు ఆయన చేతిలో పెడుతోంది. నాలుగూ చల్లగా ఉన్నాయి.

"కంచే చేను మేసిందన్నమాట," అంటూ చెప్పులేసుకుంది.

కొట్లో ఆయన ఎవరిదో కీబోర్డు బ్రష్షుతో దులుపుతున్నాడు. బల్ల ముందు ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"ముసలిగుర్రం మీదేనా?"

"నాదేనమ్మా," నవ్వాడు. "దానికీ నాకూ ఇంచుమించు ఒకటే ఆయాసం."

"నా డబ్బుతో కొన్నదాంట్లో మీదెందుకు దూరింది?"

ఆయన నవ్వు ఆగింది. ఏదో చెప్పబోయి, నిలబడ్డ ఇద్దరివైపూ చూసి, ఆ మాట మింగేశాడు.

"లైసెన్సు ఒకటైనంత మాత్రాన మీ పేపర్లు నాకు కనబడవమ్మా. కాపలావాడు ఒకడే, ఎవరిల్లు వాళ్లదే."

"నమ్మమంటారా?"

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. తన కంప్యూటరు ముందు కూర్చుని రెండుసార్లు నొక్కాడు.

"తీసేశానమ్మా. ఇప్పుడు మీ నాలుగే."

అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకుంటే ఆవిడ ఆవిడెందుకవుతుంది? ఇంటికొచ్చి మూడు బడులకీ ఫోన్ చేసింది.

"పేపర్లు చూశాడని నేననను, చూడలేదనీ అనలేను. మీ జాగ్రత్తలో మీరుండండి."

ఆ బడుల్లో కంప్యూటర్లు చూసేదీ ఆయనే. నెల తిరక్కుండా మూడుచోట్లా మాన్పించారు. మరో రెండు నెలలకి కొట్టు ఖాళీ అయింది. ఇప్పుడక్కడ కళ్లజోళ్లు అమ్ముతున్నారు.

"పాపం, ఎక్కడికి పోయాడో," అంది అత్తగారు, పేకముక్కల్లోంచి తల ఎత్తకుండానే.

"తప్పు లేనివాడైతే ఎందుకు పోతాడత్తయ్యా?" అంది కోడలు.

అన్నాక ఆ మాట ఆవిడకే బాగోలేదనిపించింది. అయినా పరీక్షలు ముంచుకొస్తున్నాయి, పేపర్లు కుప్పగా ఉన్నాయి. పనిలో పడిపోయింది.

లైసెన్సు గడువు దగ్గరపడింది. ఇంకో వారమేనంటూ నాలుగు తెరలూ మొత్తుకోవడం మొదలుపెట్టాయి. ఆవిడ తెరమీదున్న నంబరుకి ఫోన్ చేసింది.

"ఏటా ఇచ్చినంతే ఇస్తానమ్మా, నాలుగింటికీ పొడిగించు," అని ఆ మొత్తం ఎంతో చెప్పింది.

"అది ఒక్క కంప్యూటరు ధరండీ," అంది అవతలి అమ్మాయి. "మీరు వాడుతున్నది అయిదింటి లైసెన్సు. దానికి మూడింతలవుతుంది."

"ఒకదాని డబ్బుకి నాలుగని ఆఫరుంది కదా!"

"అలాంటి ఆఫరు మేమెప్పుడూ పెట్టలేదండీ."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి... ఇన్నేళ్లూ మిగతా డబ్బెవరు కట్టారమ్మా?"

అటునుంచి కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అసలీ లైసెన్సు మీ పేరు మీద లేదండీ. ఆరేళ్లుగా దీన్ని కొంటున్నదీ, అందులో మీ నాలుగింటినీ చేర్చుకున్నదీ, ఎనిమిది నెలల క్రితం 'ముసలిగుర్రం' అనే తన కంప్యూటరు ఒక్కదాన్నే తీసేసుకున్నాయనే."