పున్నారావు ఏరిన బాతులు

"ఎద్దును ఏరినట్టు బాతును ఏరకూడదయ్యా," అన్నాడు యలమంద.

పున్నారావు వినలేదు. అతని చేతిలోని బాతు నున్నగా, బరువుగా, మెరుస్తూ ఉంది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. పెనుమూడిలో కోతలయ్యాయి. రాలిన గింజల కోసం యలమంద ఎక్కడినుంచో మూడొందల బాతుల్ని తోలుకొచ్చి, పల్లపు చేలో దడి కట్టుకున్నాడు. అతను ఎవరో, ఎక్కడివాడో ఊళ్ళో ఎవరూ అడగలేదు.

"ఏంట్రా దీనికి రోగం?"

"రోగం కాదండి. ముసలిది. గుడ్డు మానేసి కొవ్వెక్కింది. ఇదిగో, దీన్ని తీసుకోండి."

అతను చూపించిన బాతుకు ఈకలు మాసిపోయాయి. ముక్కు పాలిపోయింది.

"పెట్టీ పెట్టీ అట్టా అయిందండి. తోక కింద ఈ రెండెముకల మధ్య చూడండి, మూడు వేళ్ళు పడతన్నాయి. ఇది పెట్టే బాతు."

పున్నారావు నవ్వాడు.

"మంచివి నువ్వుంచుకుని ఈకలూడినవి నాకంటగడతావా? ముప్పై ఏళ్ళుగా సంతల్లో పశువుల్ని చూస్తున్నవాణ్ణి."

బలిసినవే నాలుగు ఏరుకున్నాడు.

"మా ఇంటిదానికి క్షయ. మందుతోపాటు రోజూ గుడ్లు పెట్టమన్నాడు రేపల్లె డాక్టరు. ఊళ్ళో కోళ్ళన్నీ తెగులొచ్చి పోయాయి. ఇవి పెట్టకపోయాయో, నీ సంగతి చూస్తాను."

యలమంద నాలుగింటినీ పట్టి గంపలో వేశాడు.

"తెల్లారగానే వదలబాకండయ్యా. బాతు వేకువనే పెడుతుంది. పొద్దెక్కిందాకా కొట్టం మూసే ఉంచండి."

పున్నారావు కొట్టంలో ఏటి ఇసుక పరిచాడు. మర్నాడు మూడు గుడ్లు. ఆ మర్నాడు నాలుగు.

చేలోకి వెళ్ళి మరీ చెప్పాడు. "నువ్వు వద్దన్నవేరా, పెడుతున్నాయి."

"మీ చెయ్యి మంచిదండి," అన్నాడు యలమంద తల వంచుకుని.

ఒకరోజు అతని భార్య శివపార్వతి మంచం మీదే కూర్చుని గుడ్లు తుడుస్తూ అడిగింది.

"ఇసుకలో పెట్టిన గుడ్డుకు ఈ నల్లమట్టి ఏంటండి?"

"నీకు తింటానికి గుడ్డు కావాలా, దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలా?"

ఆమె గుడ్డు తుడిచి పక్కన పెట్టింది. నెల తిరిగేసరికి మంచం దిగింది. రెండో నెలలో వంట తనే చేసింది.

ఫాల్గుణంలో ఒక వేకువ పున్నారావు పెరట్లోకి వచ్చేసరికి కొట్టం తలుపు తీసి ఉంది. గుమ్మంలో యలమంద. పంచె మడతలో నాలుగు గుడ్లు.

"అమ్మిందీ నువ్వే, ఎత్తుకెళ్ళేదీ నువ్వేనా?"

"అయ్యా, నేను తియ్యటానికి..."

చేతికర్ర భుజం మీద పడింది. రెండు గుడ్లు చితికాయి. రెండు దొర్లుకుంటూ వచ్చి పున్నారావు కాళ్ళ దగ్గర ఆగాయి.

ఇరుగుపొరుగు చేరారు. యలమంద వాళ్ళ వంక చూసి, చెప్పబోయింది మింగేశాడు.

"నన్ను కొట్టండి. అమ్మకు గుడ్లు మాత్రం ఆపబాకండి," అన్నాడు పోతూ పోతూ.

"దొంగకు జాలి కూడానా," అన్నారెవరో.

"ఏమండీ, అది దొంగ మొహంలా లేదు," అంది శివపార్వతి గడపలోంచి.

"దొంగకు మొహాన రాసుంటుందా? లోపలికి పో."

మధ్యాహ్నానికి చేలో దడి లేదు.

మర్నాడు కొట్టంలో గుడ్డు లేదు. వారమైనా లేదు.

"వాడి దిష్టి," అన్నాడు పున్నారావు.

"రేపల్లె నుంచి నాలుగు గుడ్లు తెప్పించకూడదూ?" అంది శివపార్వతి.

"ఇంట్లో నాలుగు బాతులుండగా గుడ్లు కొంటే ఊరు నవ్వుతుంది. రెండు నెలలు పెట్టినవి మళ్ళీ పెట్టవా?"

బాతులకు తవుడు పెంచాడు. అవి ఇంకా బలిశాయి. ఆమె మళ్ళీ మంచమెక్కింది. ఆషాఢంలో పోయింది.

పెద్దకర్మ అయ్యాక బాతుల్ని గంపలో పెట్టుకుని రేపల్లె సంతకు వెళ్ళాడు. అక్కడ బాతులు పెంచే దుర్గాంబ ఒకదాన్ని ఎత్తి, తోక కింద తడిమి, తిరిగి గంపలో వేసింది. మిగతా మూడింటినీ అలాగే చూసింది.

"కూరకైతే తీసుకుంటాను బాబూ. ఇవి గుడ్డు పెట్టి మూడేళ్ళయి ఉంటుంది."

"మా ఇంట్లో రెండు నెలలు పెట్టాయి."

"అయితే పక్కింటి బాతులు పెట్టుంటాయి." దుర్గాంబ నవ్వింది. "నామీద నమ్మకం లేకపోతే మీ వేళ్ళే పెట్టి చూడండి."

పున్నారావు తడిమాడు. ఆ రెండెముకల మధ్య ఒక్క వేలు పట్టలేదు. రెండోదాన్ని చూశాడు. మూడోదాన్ని. నాలుగోదాన్ని.

చెయ్యి గంపలోనే ఉండిపోయింది.

ఆనాడు కాళ్ళ దగ్గరికి దొర్లిన గుడ్లు గుర్తొచ్చాయి. వాటి మీద ఒక్క ఇసుక రేణువు లేదు. ఉన్నదంతా పల్లపు చేలోని నల్లమట్టి.

ఆ వేకువ యలమంద కొట్టంలోంచి బయటికి రావడం లేదు, లోపలికి వెళుతున్నాడు.