అబ్రాహాము అరచెయ్యి

వారంలో మూడోసారి. బండి వేడెక్కుతోందని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఒక్క ప్యాసింజరునూ ఎక్కించుకోకుండా ఖాళీ జీపు తోలుకొచ్చాడు గోవింద్. ప్రాణం విసిగిపోయింది.

"మల్ల గదేనన్నా. లింగంపేట దాటంగనే ఎన్క గేర్ల డబ్బా కాలుతున్నది" అన్నాడు.

మెకానిక్ అబ్రాహాము బండి కిందికి దూరాడు. వెనక ఇరుసు మధ్యనుండే ఆ డబ్బాలో అరిగిన గేర్లు తీసి, పది రోజుల కింద కొత్తవి వేసింది ఆయనే. ముప్పై ఏళ్ల అనుభవం. బేరింగు నట్టు ఎంత బిగించాలో కొలతపెట్టి చూసే మనిషి కాదు. బిగించి, చేత్తో తిప్పి, "ఇగ చాలు" అనేవాడు. జిల్లాలో ఎవరూ దాన్ని కాదన్నది లేదు.

ఆయిల్ చూశాడు. నిండుగానే ఉంది. చక్రాలు లేపి తిప్పాడు. చప్పుడు లేదు. బ్రేకులూ చక్రాలను ఒరుసుకోవడం లేదు. చివరికి డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు.

గోవింద్ కూడా వంగి వేళ్లు పెట్టాడు. పెట్టినంత సేపు పట్టలేదు, చటుక్కున లాక్కున్నాడు.

అబ్రాహాము మాత్రం చెయ్యి తియ్యకుండా కాసేపు ఆలోచించాడు. "ఏం లేదు తమ్మీ. కొత్త గేర్లు, పండ్లు ఒకదానికొకటి అరగాలె. గప్పటిదాంక జర వెచ్చగనే ఉంటది."

"సరిగ్గ చూడన్నా. మా సేటు ఊకోడు."

అబ్రాహాము ఆ సేటుకే ఫోన్ కలిపి, బండిలో లోపమేమీ లేదని చెప్పి, ఫోన్ గోవింద్ చేతికిచ్చాడు.

"అబ్రాహామన్న చెయ్యి అబద్ధం చెప్పదు" అన్నాడు జీపు యజమాని దేవీసింగ్. "నీకే బండి నడుప బుద్ధయితలేదు. రేపటికెల్లి సంపత్ నడుపుతడు. తాళంచెవి ఇంట్ల ఇచ్చి పో."

గోవింద్ అక్కడే పాత టైరు మీద కూలబడ్డాడు. ఎనిమిదేళ్ల కొలువు రెండు మాటల్లో పోయింది. ఎర్రబడ్డ వేళ్లను చూసుకున్నాడు. ఏమో, తన చెయ్యే సున్నితమైందేమో అనిపించింది. నలుగురు ఒక మాటంటే మన ఒళ్లు చెప్పేది కూడా మనం నమ్మం.

అబ్రాహాము భార్య ఈరవ్వ టీ తెచ్చింది. మొగుడి గ్లాసు రెండుసార్లు తిరగబోసి, ఊది, చల్లార్చి మరీ ఇచ్చింది. గోవింద్ గ్లాసు పొగలు కక్కుతూనే ఉంది. తువ్వాలతో పట్టుకున్నాడు.

అబ్రాహాము గటగటా తాగేసి, నీరసంగా ఇంకో బండి దగ్గరికి నడిచాడు.

ఆయన అటు పోగానే ఈరవ్వ గోవింద్ దగ్గరగా వచ్చి, "షుగరు ముదిరినకాంచి ఆయన చేతులకు వేడి తెల్వది, బిగువు తెల్వది, బువ్వ గూడ నేనే సల్లార్చి పెడుతున్న, ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అంది.